ఆకులపర్రు పిల్లలు

ఆకులపర్రులో పుట్టేవాళ్ళకి లోటు లేదు. పెరిగేవాళ్ళే లేరు.

తొలి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి రావడం ఎక్కడైనా ఉన్నదే. సీమంతం చేసి తీసుకొస్తారు. కాన్పు భీమవరం ఆసుపత్రిలో, పురిటి స్నానం, ఉయ్యాల ఆకులపర్రులో. మూడో నెలో అయిదో నెలో రాగానే అత్తవారు కారేసుకుని దిగుతారు, తల్లీబిడ్డా వెళ్ళిపోతారు. ఈలోగా అంగన్‌వాడీ టీచరు సత్యవాణి వచ్చి, బిడ్డని తూకం వేసి పేరు రాసుకుంటుంది. ఆ పేరు మాత్రం ఏ కారూ ఎక్కదు. రిజిస్టరులో అలా పడి ఉండి, ఏడాదికేడాది వయసు పెంచుకుంటూ ఉంటుంది. నెలనెలా ఆ పేరు మీద వచ్చే గుడ్లూ పాలూ అమ్మమ్మలు పట్టుకెళ్ళి, తినేవాళ్ళు తింటారు, పిల్లికి పోసేవాళ్ళు పోస్తారు.

సోమవారం పదిన్నరకి సూపర్‌వైజరు ఇంద్రజ ఫోన్ చేసేసరికి సత్యవాణి పిల్లల చేత రైలాట ఆడిస్తోంది. ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకుని గదంతా తిరగాలి. ఉన్నది అయిదుగురు. ఇంజను అయిన పిల్ల నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "టీచర్, ఇంకెవరూ ఎక్కరా?" అని అడిగింది. ఆ పిల్ల రోజూ అదే అడుగుతుంది. సత్యవాణి రోజూ తనే ఆఖరి పెట్టెగా నడుం వంచి నిలబడుతుంది.

"వాణిగారూ, గురువారం మీ సెంటర్‌కి వస్తున్నానండి" అంది ఇంద్రజ. "ఇదివరకులాగా రిజిస్టరు చూసి సంతకం పెట్టేయడం కాదండి. ఒక్కొక్కళ్ళ మొహం ఫోన్లో తియ్యాలి. పదిమందికి తగ్గితే వేండ్రపాలెం సెంటర్‌లో కలిపేస్తారంట. లిస్టులో మీ ఊరు ఉందండి."

"నా రిజిస్టర్లో పదమూడుమంది ఉన్నారు కదండీ మేడం."

"పేర్లున్నాయండి. మొహాలున్నాయా?"

కుక్కరు కూత వేస్తే అదే సాకుగా సత్యవాణి ఫోను పెట్టేసింది. ఆయా రిటైరయ్యి ఏడాది దాటింది, కొత్తామెని వెయ్యలేదు. పప్పు ఉడకబెట్టేదీ, గుడ్లు ఒలిచేదీ, ముక్కులు తుడిచేదీ, పాఠం చెప్పేదీ అన్నీ తనే. గుడ్లు ఉడికే నీళ్ళలో కాస్త ఉప్పు వేస్తే పెంకు చక్కగా ఊడి వస్తుంది. అయిదు గుడ్లు ఒలిచి, అయిదు పళ్ళేల్లో పెట్టి, పిల్లలు తింటుంటే గుమ్మానికి ఆనుకుని చూస్తూ కూర్చుంది. మొగుడు పోయి ఆరేళ్ళు. పిల్లలు కలగలేదు. ఆమె రోజుకి మాట్లాడే మాటల్లో ముప్పాతిక వంతు ఈ గదిలోనే ఖర్చవుతాయి. సాయంత్రం ఇంటికి వెళ్ళాక గిన్నెలతోనూ, పొయ్యితోనూ మాట్లాడుకోవాలి. వేండ్రపాలెంలో కలిపేస్తే జీతం ఎక్కడికీ పోదు. కానీ అక్కడ ఇంకో టీచరుంది, ఆవిడ పిల్లలున్నారు. అక్కడ తను ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఈ ఊళ్ళో తనని పేరు పెట్టి పిలిచేవాళ్ళే తక్కువ. "టీచర్" అని పిలిచే ఆ అయిదు గొంతులు కూడా పోతే ఇక తను ఎవరికి ఏమవుతుంది?

పిల్లలు పడుకున్నాక ఫోన్లు మొదలుపెట్టింది. రిజిస్టరులో ఉండి ఊళ్ళో లేనివాళ్ళు ఎనిమిదిమంది. ఒకరి తల్లి ఫోను ఎత్తలేదు. ఒకామె చూస్తానంది, ఆ చూస్తానన్న తీరులోనే రాదని తెలిసిపోయింది. రాజమండ్రిలో ఉన్న నాగవల్లి మాత్రం ఆప్యాయంగా మాట్లాడింది.

"గురువారమంటే వాడికి స్కూలక్కా. ఎల్‌కేజీ. ఒక్కరోజు మానేసినా డైరీలో రాసి పంపిస్తారు."

"ఒక్క పూటే నాగవల్లీ. పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి వెళ్ళిపోవచ్చు."

"కుదరదక్కా, ఏమీ అనుకోకండి. కానీ వాడి పేరు మాత్రం తీసెయ్యకండేం. వాడిది ఆకులపర్రు అని ఎక్కడో ఒకచోట రాసుండాలి కదా."

"అలాగేలే" అంది సత్యవాణి. ఫోను పెట్టేశాక ఆమెకి కోపం వచ్చింది. ఊరు కావాలి, ఊళ్ళో ఉండడం మాత్రం వద్దు. కానీ నాగవల్లి మీద ఎంతసేపని కోపం తెచ్చుకుంటుంది? ఎకరం వరి నాటాలంటే పదిమంది ఆడవాళ్ళు కావాలి. పదెకరాల రొయ్యల చెరువుకి ఒక మొగుడూ పెళ్ళాం చాలు. చేలన్నీ చెరువులయ్యాక నాగవల్లి తల్లి రొయ్యలు ఒలిచే ఫ్యాక్టరీకి వెళ్ళింది, అన్న భీమవరంలో ఆటో కొనుక్కున్నాడు. నూతుల్లో నీళ్ళు ఉప్పనయ్యాక ఉన్నవాళ్ళు కూడా క్యాన్ల నీళ్ళు తాగుతున్నారు. ఇక్కడ ఏం చూసుకుని ఉండమంటుంది?

మంగళవారం మధ్యాహ్నం సెంటర్‌కి తాళం వేసి ఆమె చెరువుగట్టు దారి పట్టింది. గట్టు మీద రేకుల షెడ్ల దగ్గర ఆరేసిన చిన్న చిన్న గౌన్లు నాలుగేళ్ళుగా ఆమె కంట పడుతూనే ఉన్నాయి. కంట పడడం వేరు, లెక్కలోకి రావడం వేరు. వాళ్ళు ఒరిస్సావాళ్ళు, ఇవాళుండి రేపు పోయేవాళ్ళు అని ఊరంతా అనుకున్నట్టే తనూ అనుకుంది. నిజం చెప్పాలంటే పదమూడు పేర్లు చేతిలో ఉన్నప్పుడు పద్నాలుగో పేరు కోసం ఎండలో నడవబుద్ధి కాలేదు. ఇప్పుడు అవసరం పడింది కాబట్టి నడుస్తోంది. ఆ సంగతి ఆమెకి తెలుసు, సిగ్గుగానే ఉంది.

చెరువులో ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. చెక్క బల్ల చివర ఒకామె కూర్చుని తాడు పట్టి మేత పళ్ళేన్ని పైకి లాగుతోంది. ఎనిమిదో నెల ఉంటుంది. ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, రెండో చేత్తో పళ్ళెంలో మిగిలిన మేతని వేళ్ళతో కదిపి చూసి, మళ్ళీ నీళ్ళలోకి వదిలింది. మేత మిగిలితే రొయ్య తినడం లేదని అర్థం, మర్నాడు తగ్గించి వెయ్యాలి. ఆ పని అంత బరువుతో కూడా ఆమె తొణక్కుండా చేసింది.

"ఎవరు కావాలి?" అంది లేచి.

"నేను అంగన్‌వాడీ టీచర్నమ్మా. నీ పేరేంటి?"

"బసంతి." ఆమె మొహంలో భయం కనిపించింది. "రాజుగారు లేరు. తరవాత రండి."

"రాజుగారితో కాదు, నీతోనే పని. పిల్లలెంతమంది?"

ఇద్దరు. రింకీకి అయిదేళ్ళు, టుకూకి మూడు. టుకూ ఈ షెడ్డులోనే పుట్టింది. పక్క షెడ్డులో ఇంకో ఇద్దరు, బాపీ, మీనా. వాళ్ళ అమ్మ అవతలి చెరువు దగ్గర పనిలో ఉంది. నలుగురూ మేత బస్తాల మీద బోర్లా పడుకుని, గడ్డాల కింద చేతులు పెట్టుకుని సత్యవాణి వంక చూశారు. రింకీ చేతులు మరీ సన్నం. ఎన్నేళ్ళ నుంచో పిల్లల్ని తూకం వేసిన చేతులకి తూకం అక్కర్లేదు. పిల్లని ఎత్తుకోగానే ఆమెకి బరువు తెలిసిపోయింది. ఊరవతల గట్టు మీద ఒక పిల్ల ఇలా ఉంటే, ఊళ్ళో తను పిల్లలు లేరని ఏడుస్తూ కూర్చుంది.

"ఎల్లుండి పది గంటలకి నలుగుర్నీ తీసుకురా. రోజూ పాలిస్తారు, గుడ్డిస్తారు. పేర్లు రాసుకుంటారు."

"పేరు రాస్తారా?" బసంతి నమ్మనట్టుగా అడిగింది. "మాది ఇక్కడ కాదు కదా."

"ఏ ఊరివాళ్ళైనా సరే, ఉన్నచోట రాసుకోవచ్చు. రూలుంది."

బసంతి గబగబా లోపలికి వెళ్ళి, రేకుకీ దూలానికీ మధ్య దోపిన ప్లాస్టిక్ కవరు తీసి రింకీ ఆధార్ కార్డు చూపించింది. సత్యవాణి కార్డు చూసి తిరిగి ఇచ్చేసింది.

"పురిటికి మీ అమ్మ దగ్గరికి వెళ్తావా?"

"అమ్మ లేదు. మా ఊరు రెండు రైళ్ళు, ఒక బస్సు. నేను పోతే రొయ్యకి మేత ఎవరు వేస్తారు?" అని నవ్వింది బసంతి. "ఇక్కడే."

తిరిగి వస్తూ సత్యవాణి వేళ్ళు మడిచింది. ఊళ్ళో అయిదు, గట్టు మీద నాలుగు. తొమ్మిది. ఇంకొక్కటి కావాలి. ఈ చెరువుల యజమాని శివరామరాజుగారి మనవరాలు భీమవరంలోనే ఉంది, అందరికంటే దగ్గర, ఒక్క పూట తెప్పించమంటే సరిపోతుంది. అడక్కపోతే అమ్మైనా పెట్టదంటారు.

బుధవారం సాయంత్రం ఆమె వెళ్ళేసరికి రాజుగారు వీధి అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. సగం చెరువులు ఆయనవే. అంగన్‌వాడీకి గది ఇచ్చిందీ ఆయనే, ఏనాడూ అద్దె అడగలేదు. ఆయన్ని చెడ్డవాడంటే ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు.

"రా అమ్మా సత్యవాణీ. కూర్చో."

"ఆయ్, పర్లేదండి." ఆమె నిలబడే సంగతంతా చెప్పింది. గట్టు మీది పిల్లల మాట వచ్చేసరికి ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"వాళ్ళ జోలికెందుకమ్మా?"

"పిల్లలు కదండీ."

"పిల్లలే. కాదన్లేదు. నువ్వు పేరు రాస్తావు. అడ్రసు దగ్గర ఏం రాస్తావు? నా షెడ్డు. రేపు ఎవడో వచ్చి, చెరువు గట్టు మీద సంసారాలేంటండి, నీళ్ళేవి, దొడ్డేది అంటాడు. ఎల్లుండి వాళ్ళు మేం ఈ ఊరివాళ్ళమే, స్థలం ఇమ్మంటారు. పేరు రాయడమంటే చిన్న సంగతా?"

సత్యవాణి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"స్కూలు పోయింది" అన్నారు రాజుగారు. ఆయన గొంతు మెత్తబడింది. "పోస్టాఫీసు పోయింది. సాయంత్రమైతే ఈ అరుగు మీద నాతో మాట్లాడ్డానికి మనిషి లేడు. నీ సెంటరు కూడా పోనిస్తానా? ఒక్క మనవరాలెందుకు, అందర్నీ రప్పిస్తాను. కార్లు నేను పంపుతాను. మన పిల్లలతోనే నీ లెక్క నిండుతుంది. ఆ నలుగురి సంగతి మర్చిపో."

ఆయన అడిగింది అంతే. ఆమె "అలాగేనండి" అంది. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

అక్కణ్ణించి నేరుగా గట్టు వైపు నడిచింది, రేపు రావద్దని బసంతికి చెప్పాలని. తూము దాకా వెళ్ళి ఆగిపోయింది. రమ్మన్న నోటితోనే వద్దని ఎలా చెప్పడం? భయపడే మనిషి, తనంతట తనే రాదులే అనుకుని వెనక్కి తిరిగింది. అలా అనుకోవడంలో ఎంత సుఖం ఉందో!

గురువారం తొమ్మిదిన్నరకల్లా మూడు కార్లు వచ్చాయి. నాగవల్లి కొడుకు తప్ప మిగతా ఏడుగురూ దిగారు. లైట్లు వెలిగే బూట్లు, జుట్టుకి రిబ్బన్లు, మెడలో నీళ్ళ సీసాలు. తల్లులు గదంతా కలయజూసి, "ఇది ఇంత చిన్నదా! మేం చదువుకున్నప్పుడు పెద్దగా ఉండేది" అనుకున్నారు. కొత్త పిల్లలు ముందు బిగుసుకుని నిలబడ్డారు. పది నిమిషాల్లో బొమ్మల పెట్టె బోర్లించారు. పదిహేను నిమిషాల్లో ఒకడు ఇంకొకడిని కొరికాడు. సత్యవాణికి ఒక్క చోట కాలు నిలవలేదు. రైలాట పెడితే పన్నెండు పెట్టెల రైలు గదిలో పట్టక గుమ్మం దాటి, అరుగు చుట్టూ తిరిగి, మళ్ళీ లోపలికి వచ్చింది. రోజూ ఇంజను అయ్యే పిల్ల వెనక్కి చూసుకుని కేరింతలు కొట్టింది. ఇవాళ ఆఖరి పెట్టె కావలసిన పని సత్యవాణికి లేదు. అరుగు మీద నిలబడి చప్పట్లు కొట్టింది. ఎన్నాళ్ళకో ఆమె గొంతు బొంగురుపోయేలా అరిచింది, నవ్వింది. అది అబద్ధపు రైలని తెలుసు. తెలిసినా ఆ గంటసేపు ఆమె సంతోషం మాత్రం నిజం.

ఇంద్రజ వచ్చి కుర్చీలో కూర్చుని ఒక్కో పిల్లని ముందు నిలబెట్టి ఫోన్లో మొహం తీసుకుంటోంది. రాజుగారు పక్కన ఇంకో కుర్చీలో కూర్చుని మనవరాలి జడ సర్దుతున్నారు. తొమ్మిదో పిల్ల మొహం తీస్తుండగా అరుగు మెట్టు దగ్గర అలికిడయింది.

బసంతి. నలుగురు పిల్లల్నీ తీసుకొచ్చింది. తలలకి నూనె రాసి, పాపిడి తీసి దువ్వింది. బాపీ చొక్కాకి పైన గుండీ లేకపోతే పిన్నీసు పెట్టింది. రింకీ చేతిలో ఆ ప్లాస్టిక్ కవరు ఉంది. నడిచి వచ్చిన ఆయాసానికి బసంతి స్తంభం పట్టుకుని నిలబడి సత్యవాణిని చూసి నవ్వింది.

"ఎవరండీ వీళ్ళు?" అంది ఇంద్రజ.

"మా చెరువు దగ్గరి మనుషులండి" అన్నారు రాజుగారు జడ వదలకుండానే. "ఏదో పని మీద వచ్చుంటారు."

ఇంద్రజ సత్యవాణి వైపు చూసింది. రాజుగారు చూశారు. తల్లులు చూశారు. గది నిండా పిల్లలు, ఆమె గది నిండా పిల్లలు.

"అవునండి మేడం" అంది సత్యవాణి. "పని మీద వచ్చుంటారండి."

బసంతి ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. నోరు తెరిచి అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు. రింకీ చేతిలో కవరు తీసుకుని, జాకెట్లో దోపుకుని, టుకూ చెయ్యి పట్టుకుని మెట్టు దిగింది. మీనా మాత్రం రైలు వైపు చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్ళింది.

పన్నెండు మొహాలు ఫోన్లోకి ఎక్కాయి. "మీ సెంటరుకి ఢోకా లేదండి వాణిగారూ" అని ఇంద్రజ టీ తాగి వెళ్ళింది. రెండు గంటలకి కార్లూ వెళ్ళిపోయాయి. సత్యవాణి చీపురు తీసుకుని గది ఊడ్చింది, బొమ్మల పెట్టె సర్దింది. ఎవరిదో రిబ్బను దొరికితే మేకుకి తగిలించింది. గెలిచిన మనిషికి ఉండవలసిన హుషారు ఒంట్లో ఎక్కడా లేదు.

శుక్రవారం మళ్ళీ అయిదుగురే. ఆమె గుడ్లు తొమ్మిది ఉడకబెట్టింది. పిల్లలు వెళ్ళాక నాలుగు గుడ్లు ఒలిచి, స్టీలు డబ్బాలో పెట్టుకుని గట్టు ఎక్కింది. ఏమని చెప్పాలో దారి పొడుగునా కూర్చుకుంది. మేడం తొందరలో ఉన్నారని, రాజుగారు ఎదురుగా ఉన్నారని, వచ్చే నెల రాయిస్తానని. ఒక్కటీ నోట్లో నిలవలేదు.

బసంతి షెడ్డు ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది. సత్యవాణిని చూసి లేవలేదు. పీట మాత్రం కాలితో ఇటు జరిపింది.

"పిల్లలకి తెచ్చాను" అంది సత్యవాణి డబ్బా మూత తీసి.

పిల్లలు దగ్గరికి వచ్చారు. బసంతి వాళ్ళ భాషలో ఏదో అంది. నలుగురూ అక్కడే ఆగిపోయారు.

"వద్దు" అంది బసంతి.

"అదేంటమ్మా, పిల్లలు తింటారు."

"ఇవాళ తింటారు. రేపు అడుగుతారు. రేపు నువ్వు రావు. నేనేం చెప్పాలి?"

"నిన్న... నిన్న ఏమైందంటే బసంతీ..."

"నాకు తెలుగు వచ్చు" అంది బసంతి తలెత్తకుండా. చేటలో రాయి ఏరి అవతల పడేసింది. "పని మీద వచ్చింది అన్నావు. నిజమే. నేను పేరు పని మీద వచ్చాను. ఆ గుడ్లు పేరు ఉన్నవాళ్ళకి పెట్టు."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే సత్యవాణి ఓర్చుకునేది, కాళ్ళు పట్టుకునైనా బతిమాలేది. డబ్బా మూత పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఏరేటర్లు చప్పుడు చేస్తున్నాయి. ఊరు ఇక్కణ్ణించి చూస్తే కొబ్బరిచెట్ల మధ్య నాలుగు డాబాల్లా కనిపిస్తోంది. అందులో ఏ డాబాలో ఎవరు లేరో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఇన్నేళ్ళుగా ఆమె ఉద్యోగం అదే అయిపోయింది, లేనివాళ్ళని కాపలా కాయడం. ఉన్నవాళ్ళు ఎదురుగా వచ్చి స్తంభం పట్టుకుని నిలబడితే వెళ్ళగొట్టింది.

ఏడుపు వచ్చింది. బసంతి ముందు ఏడవడానికి తనకి హక్కు లేదనిపించి, కొంగుతో మొహం తుడుచుకుని ఫోను తీసింది. రెండోసారికి ఇంద్రజ ఎత్తింది.

"మేడం, నేను సత్యవాణినండి. నిన్న వచ్చిన వాళ్ళలో ఏడుగురు ఈ ఊళ్ళో ఉండరండి. వాళ్ళ పేర్లూ, నాగవల్లి కొడుకు పేరూ తీసెయ్యండి."

"వాణిగారూ, ఏంటండీ మీరు? నిన్న నేనే మొహాలు తీశాను కదా."

"ఆయ్, తీశారండి. అబద్ధం నాది, మీది కాదు. ఎవరైనా అడిగితే అలాగే చెప్పండి."

"రాజుగారికి తెలుసా?"

"ఇంకా తెలీదండి. తెలుస్తుంది."

"మరి ఊళ్ళో ఎవరున్నారని రాయమంటారండి?" ఇంద్రజ గొంతులో విసుగూ, జాలీ రెండూ ఉన్నాయి.

"మన అయిదుగురండి. ఇంకో నలుగురున్నారు, చెబుతాను రాసుకోండి. కార్డు ఉందండి." సత్యవాణి చెయ్యి చాపింది. బసంతి చేట దించి, ఆమె వంక కాసేపు చూసి, లేచి లోపలికి వెళ్ళింది.

"తొమ్మిదే అవుతారు కదండీ" అంది ఇంద్రజ మెల్లగా. "పదికి ఒకటి తక్కువ. మీ సెంటరు ఉండదు. తెలిసే అంటున్నారా?"

"పదోది వచ్చే నెల పుడుతుందండి. ఈవిడ పురిటికి ఎక్కడికీ వెళ్ళదు."

"పుట్టబోయేవాళ్ళని లెక్కలోకి తీసుకోరండి వాణిగారూ."

"తెలుసండి. వేండ్రపాలెం లిస్టులోనే రాసుకోండి. రోజూ నేను నడిపించి తీసుకొస్తాను" అంది సత్యవాణి. కవరు చేతికి రాగానే కార్డు తీసి, కళ్ళు చిట్లించి, మొదటి పేరు చదవడం మొదలుపెట్టింది.